హోటలు గోడమీది ఇతివృత్తం

1

ఇంగ్లీషులో 'థీమ్' అనే మాటను మన విమర్శకులు 'ఇతివృత్తం' అని చెప్పుకోవడం మొదలుపెట్టి చాలా కాలమైంది. కావ్యానికి ఇతివృత్తం వుంటుంది, నాటకానికి వుంటుంది, కథకూ నవలకూ వుంటుంది. ఇప్పుడు హోటలుకు కూడా వుంటున్నది. జైలు ఇతివృత్తంగా హోటలు, రైలు ఇతివృత్తంగా హోటలు, పల్లెటూరు ఇతివృత్తంగా హోటలు, అడవి ఇతివృత్తంగా బారు. పిల్లలకు ఇతివృత్తమంటే ఏమిటో చెప్పి జీతం తీసుకునే నాలాంటి వాడు ఈ మార్పును పట్టించుకోకుండా వుండలేడు. ఒక మాట ఒక రంగం నుంచి మరో రంగానికి పోయినప్పుడు ఏ అర్థాన్ని వెంట తీసుకుపోయింది, ఏ అర్థాన్ని వదిలేసిపోయింది అని చూడటం సాహిత్య విమర్శ చేయవలసిన పనే. పైగా ఆ హోటళ్ళు అమ్ముతున్నది మన వస్తువునే. రాయలసీమ పల్లెనూ, సంగటినీ, కరువునూ, కక్షలనూ వస్తువుగా తీసుకుని వందేళ్ళుగా మనవాళ్ళు పాడుతున్నారు, రాస్తున్నారు. అదే వస్తువును హోటలు యజమాని ఇప్పుడు తన పద్ధతిలో వాడుకుంటున్నాడు. రెండు వాడకాల మధ్య తేడా ఏమిటో తేల్చుకోకపోతే నష్టపోయేది హోటలు కాదు, మనమే.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. జైలు అనేది ఒక విషయం మాత్రమే. జైల్లో ఎవరిని ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, లోపలున్న మనిషి ఏమి కోరుతున్నాడు, అది అతనికి ఎందుకు దక్కడం లేదు అన్న ప్రశ్నలు వచ్చినప్పుడు ఆ విషయం ఇతివృత్తమవుతుంది. మనుషుల మధ్య సంబంధమూ, ఆ సంబంధంలోని ఘర్షణా లేకుండా ఇతివృత్తం లేదు. నిజామాబాదు జైలు గోడమీద దాశరథి బొగ్గుతో పద్యం రాసిన సంగతి తెలుగు విద్యార్థులందరికీ తెలుసు. ఆ గోడకూ ఆ బొగ్గుముక్కకూ అంత అర్థం వచ్చింది నిజాం ప్రభుత్వానికీ ఆ కవికీ మధ్యనున్న ఘర్షణ వల్ల. ఈనాడు హైదరాబాదు మొదలుకొని అనేక పట్టణాల్లో 'జైలు మండి' అనే పేరుతో హోటళ్ళు వెలిశాయి. అక్కడా గోడ వుంది. ఇనుప చువ్వలు వున్నాయి. చువ్వల వెనక నలుగురు చుట్టూ కూర్చుని, అరబ్బుల పద్ధతిలో వండిన అన్నమూ మాంసమూ ఒకే పెద్ద పళ్ళెంలో తింటారు. నేరం లేదు, శిక్ష లేదు, శిక్షించినవాడు లేడు. జైలుకు సంబంధించిన సామగ్రి అంతా వుండి జైలు మాత్రం లేదు. హైదరాబాదులోని 'ప్లాట్‌ఫామ్ 65' అనే హోటల్లో బొమ్మరైలు పట్టాలమీద వచ్చి బల్ల దగ్గర పళ్ళెం ఆపుతుంది. అది చూసి పిల్లలు సంతోషిస్తారు. సంతోషించనీయండి. నా అభ్యంతరం వాళ్ళ సంతోషం మీద కాదు. సామగ్రిని పోగుచేస్తే ఇతివృత్తం అయిపోతుందనే భావన హోటలు గోడ దాటి మన కథల్లోకి కూడా వస్తున్నదని నా బాధ.

ఈ హోటళ్ళలో కొన్ని మరో అడుగు ముందుకు వేశాయి. అవి ఏమి వడ్డిస్తారో ముందుగా చెప్పవు. దీన్ని 'సర్‌ప్రైజ్ మెనూ' అంటున్నారు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఏం పెట్టాలో వండేవాడి ఇష్టానికే వదిలేసే 'ఒమకాసె' అనే భోజనం జపానులో ఎప్పటినుంచో వుంది. స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో 1999లో 'బ్లిండెకూ' అనే హోటలును కటిక చీకటిలో నడపడం మొదలుపెట్టారు. అక్కడ అంధులే వడ్డిస్తారు. 2004లో ప్యారిస్‌లో అలాంటిదే 'దాఁ ల నువార్' వచ్చింది. 2010ల తొలినాళ్ళలో హైదరాబాదు ఇనార్బిట్ మాల్‌లో 'టేస్ట్ ఆఫ్ డార్క్‌నెస్' వచ్చింది. చీకట్లో పళ్ళెంలో ఏముందో నాలుకే కనిపెట్టాలి. తెలియకపోవడమే అక్కడ అమ్మకపు సరుకు. తెలియకపోవడం ఎవరికి ఆనందం, ఎవరికి భయం అన్న ప్రశ్న ఇక్కడే పుడుతున్నది.

2

ఏమి పెడతారో, ఎంతకు పెడతారో ముందే తెలియడం మన సాహిత్యంలో ఎంత పాత సంగతో చూడండి. పదిహేనో శతాబ్దం నాటి 'క్రీడాభిరామం'లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులు తిరుగుతూ పూటకూటి యిల్లు సంగతి ఎత్తుకుంటారు. ఆ కావ్యకర్త వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్న వివాదం మనకు ఇక్కడ అనవసరం. ఒక్క పద్యంలో ఆ యింటి భోజనమంతా వుంది. సన్నబియ్యపన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. పద్యం చివర వడ్డించే యింటివాడి పేరూ, ధరా వున్నాయి. ధర ఒక రూక. కవి ఇది వర్ణన కోసం రాసి వుండవచ్చు. ఈనాడు చదివితే మాత్రం అది ఒక ఒప్పందపత్రంలా కనిపిస్తుంది. ఇంత ఇస్తే ఇది పెడతాం అని చెప్పడంలో కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్యనున్న సంబంధం స్పష్టంగా వుంది. నగరం పెరిగి, వర్తకం సాగి, బాటసారి డబ్బిచ్చి భోజనం కొనుక్కునే కాలం వచ్చిందని ఆ పద్యం సాక్ష్యం చెబుతున్నది. ఆ యింట్లో ఎవరికి ప్రవేశం వుంది, ఎవరికి లేదు అన్నది మాత్రం పద్యం చెప్పదు.

శ్రీనాథుడి పేర ప్రచారంలో వున్న చాటువుల్లో పల్నాటి తిండిని ఎగతాళి చేసినవి వున్నాయి. సన్నన్నానికి అలవాటుపడ్డ ఆస్థానకవి జొన్నకూటి ముందు కూర్చోవలసి వచ్చింది. ఆ ముద్ద గొంతు దిగక, దేవుణ్ణి కూడా ఆ తిండి తిని చూడమని సవాలు చేశాడు. చమత్కారం గొప్పదే. కాని ఆ జొన్నకూటిని తరతరాలుగా తింటున్న పల్నాటి రైతు ఆ పద్యంలో ఎక్కడా లేడు. ఆస్థానకవి జొన్నను చూసి ముఖం చిట్లించాడు. ఈనాటి హోటలు అదే జొన్నను చూసి పరవశిస్తున్నది. ముఖం చిట్లించడానికీ పరవశించడానికీ మధ్య తినేవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

వండే మనిషిని రంగం మీదికి తెచ్చినవాడు గురజాడ. 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో తిరగరాసిన రూపంలో వచ్చింది. అందులో పూటకూళ్ళమ్మ వుంది. ఆమె పేరు ఎవరూ పిలవరు, వృత్తే పేరు. వితంతువుకు ఆనాటి సమాజం వదిలిన బతుకుదారుల్లో ఒకటి అన్నం వండి అమ్ముకోవడం. గిరీశం ఆమె యింట తిన్నాడు, ఆమెతో సంబంధం పెట్టుకున్నాడు, సరుకులకని ఇచ్చిన ఆమె డబ్బు వాడుకున్నాడు. ఆమె చీపురుకట్టతో మధురవాణి యింటికి వస్తుంది. మనం నవ్వుతాం. నవ్వు ఆగిన తర్వాత ఆమె కష్టార్జితం ఎవరి సరదాకు ఖర్చయిందో గుర్తొస్తుంది. వల్లభరాయుడి కాలంలో భోజనం మాత్రమే కనిపించింది. గురజాడ భోజనం వెనకనున్న మనిషి బతుకును చూపించాడు. పూటకూటి యిల్లు నిజమైన అర్థంలో ఇతివృత్తం అయింది అప్పుడే.

3

ఇక భోజనాన్ని ఎంచుకునే అవకాశమే లేనివాళ్ళ సంగతి చూద్దాం. కర్నూలు జిల్లాకు ఈ చరిత్ర వుంది, నంద్యాల ఆ జిల్లాలోదే. నంద్యాల వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. 1876–78 మహాకరువులో మద్రాసు రాజధానిలోని జిల్లాల్లో అతి ఘోరంగా దెబ్బతిన్నవాటిలో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య ఈ జిల్లా జనాభాలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. ఆ కరువులో ఖర్చు తగ్గించడానికి వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్, సహాయపు పనుల్లో రాళ్ళు కొట్టే మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద కొద్దిపాటి చిల్లర చాలునని నిర్ణయించాడు. పౌను అంటే నాలుగువందల యాభై గ్రాములు. మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని వాదించాడు. ఒక మనిషి పళ్ళెంలో ఏముండాలో ఇంకో మనిషి తూకం రాళ్ళతో నిర్ణయించిన మెనూ అది. అందులో ఆశ్చర్యానికి తావు లేదు.

అంతకు పదేళ్ళ ముందు, 1866 కరువులో, ఆళ్ళగడ్డ ప్రాంతపు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి ఆకలిగొన్న జనానికి అన్నదానం చేశాడు. విక్టోరియా రాణి బంగారు పతకం ఇచ్చింది. జనం పాటలు కట్టారు. అదే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కంపెనీ ప్రభుత్వం మీద తిరగబడి, 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కాడు. అతని మీదా జనం పాటలు కట్టారు. ఒకే వూరి రెండు పేర్లను జనం తమ నోట నిలుపుకున్నారు. ఒకరు అన్నం పెట్టినందుకు, ఇంకొకరు తిరగబడినందుకు. దాత గొప్పతనాన్ని ఒప్పుకుంటూనే ఒక మాట అనక తప్పదు. అన్నదానం వరుసలో నిలబడ్డ మనిషికి ఈ పూట ఏమి దొరుకుతుందో తెలియదు, రేపు దొరుకుతుందో లేదో తెలియదు. 'సర్‌ప్రైజ్' అంటే అతనికి అది.

హోటలు గడప దగ్గరే ఆ అనిశ్చితిని అనుభవించినవాళ్ళు కూడా వున్నారు. రాజ్యాంగం పదిహేనో అధికరణంలో రెండో భాగం చదివినవారికి తెలుసు, అందులో దుకాణాలతో పాటు హోటళ్ళ పేరు కూడా ప్రత్యేకంగా వుంది. కులం పేరుతో ఎవరినీ హోటలు బయట నిలబెట్టకూడదని ఒక దేశపు రాజ్యాంగం రాసుకోవలసి వచ్చిందంటే, అప్పటిదాకా ఏం జరిగిందో వేరే చెప్పనక్కర లేదు. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా పల్లెల్లో టీకొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి సాగింది. గ్లాసు వేరుగా పెట్టినచోట మెనూ ఏమైతే ఏమిటి?

కాబట్టి తెలియకపోవడం ఆనందం కావాలంటే రెండు షరతులు వుండాలి. బిల్లు కట్టే డబ్బు జేబులో వుందన్న ధైర్యం ఒకటి. నచ్చకపోతే లేచిపోయి వేరేచోట తినగలనన్న ధైర్యం రెండోది. ఈ రెండూ వున్నవాడికి అనిశ్చితి వినోదం. ఈ రెండూ లేనివాడికి అదే అనిశ్చితి బతుకు. పేదవాడి బతుకులోని భయాన్ని, భయం తీసేసి, ఉత్కంఠను మాత్రం వేరుచేసి వున్నవాడికి అమ్మడమే ఈ వ్యాపారపు కిటుకు.

దీనికి పూర్తిగా ఎదురు నిలబడే మెనూ ఒకటి మా బడి గోడమీద వుంది. సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు మీద బడిపిల్లలకు వండిన అన్నం పెట్టడం రాష్ట్రాల బాధ్యత అయింది. మన రాష్ట్రంలో 2003లో మొదలైంది. పథకం పేరు ప్రభుత్వాన్ని బట్టి మారింది. 2020లో గోరుముద్ద అన్నారు, 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఏ రోజు ఏమి పెట్టాలో వారం పట్టిక గోడమీద రాసి వుంటుంది. రెండో తరగతి పిల్ల ఆ పట్టిక దగ్గర నిలబడి 'గుడ్డు' అన్న మాటను కూడబలుక్కుని చదువుతుంది. పలకమీది మాటలకన్నా ముందుగా ఆ మాట వస్తుంది. గుడ్డు రాసివున్న రోజున గుడ్డు రాకపోతే ఆ పిల్లకు అది ఆశ్చర్యం కాదు, అన్యాయం. ఆ పట్టిక ఆమెకు దొరికిన హక్కు. ఆ వంట వండే ఆడవాళ్ళకు నెలకు వెయ్యి రూపాయలున్నదాన్ని 2019లో మూడువేలు చేశారు. దానికి జీతమని పేరు లేదు, 'గౌరవ వేతనం' అన్నారు. ఈ గౌరవం ఎన్ని కిలోల బియ్యం తెస్తుందో పూటకూళ్ళమ్మను అడిగితే చెప్పేది.

4

కర్నూలు నుంచి కడపకు పోయే నలభయ్యో నంబరు జాతీయ రహదారి మీద నంద్యాల దాటితే ఆళ్ళగడ్డ వస్తుంది. ఒకవైపు నల్లమల, ఇంకోవైపు కుందూ నది పరీవాహకం. ఈ దారి వెంట కూడా పల్లెటూరు వేషం వేసుకున్న భోజనశాలలు రావడం మొదలైంది. మా సహోపాధ్యాయుడొకరి పదవీ విరమణకు అలాంటి ఒకదానికి పోయాం. పేరు అనవసరం, ఎందుకంటే ఇవన్నీ ఒకే అచ్చులో పోసినవి. గేటు దగ్గర బండిచక్రం. లోపల గోడకు గొర్రు, గుంటక, చేటలు. రోట్లో కాగితం పూలు. కపిల తోలిన తోలుబొక్కెన ఒకటి దీపానికి గొడుగుగా వేలాడుతున్నది. 'అమ్మ చేతి వంట – ఏముందో అడగొద్దు' అని బోర్డు. మట్టిమూతలు పెట్టిన పళ్ళేలు వచ్చాయి. పంచె కట్టి తలపాగా చుట్టిన కుర్రవాణ్ణి, "ఏం నాయనా, ఇది రాగి సంగటా, కొర్ర సంగటా?" అని అడిగాను.

"చెప్పకూడదు సార్. మీరే తిని చెప్పల్ల."

"సరే, నువ్వేం తింటావు?"

"మాకు వేరే వండుతారు సార్. స్టోరు బియ్యం. అందరూ పోయినాక తింటాం."

భోజనం బాగాలేదని నేను అనను. నాటుకోడి పులుసు బాగుంది. కాని ఆ గదిలో రెండు మెనూలున్నాయి, రెండూ తెలిసినవాడు ఆ కుర్రవాడొక్కడే. మూతకింద ఏముందో తెలిసీ చెప్పకూడదన్నది అతని ఉద్యోగపు షరతు.

ఇక గోడమీది సామగ్రి. గొర్రుతో విత్తనం వేసిన రైతు దాన్ని ఎందుకు అమ్ముకున్నాడు? ట్రాక్టరు వచ్చిందా, అప్పు తీరక భూమే పోయిందా, కొడుకు హైదరాబాదు పోయాడా? కపిల బావి ఎందుకు ఎండింది? పక్కపొలంలో ఎంత లోతు బోరు పడింది? ఇతివృత్తం వున్నది ఈ ప్రశ్నల్లో. గోడకెక్కించగానే గొర్రుకు ఈ చరిత్ర అంతా రాలిపోయింది. ఉపయోగపు విలువ పోయి, అలంకారపు విలువ మిగిలింది.

సంగటి చరిత్ర ఇంతకన్నా ముఖ్యమైనది. కె.సి. కాలువ పారినచోట నంద్యాల చుట్టూ వరి వచ్చింది. మెట్టలో జొన్న, కొర్ర నిలిచాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు సీమ పల్లెల్లో అన్నం పండుగ వంట స్థాయి నుంచి రోజువారీ కూడు అయింది. అప్పటిదాకా సంగటి తినడం పేదరికానికి గుర్తు. తమ పిల్లలు అన్నం తినాలని తల్లులు కోరుకున్నారు. ఆ కోరిక తీరిన నలభై ఏళ్ళకు, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. చక్కెరవ్యాధి భయం వున్న పట్నంవాడికి సంగటి ఔషధమైంది, తర్వాత వినోదమైంది. ఇదే నంద్యాల పరిశోధన కేంద్రంలో 'సూర్యనంది' అనే కొర్ర రకాన్ని తయారుచేశారు. గోడకు అన్ని గొర్రులు కట్టిన హోటల్లో ఆ పేరు ఎక్కడా కనిపించలేదు. ఆ కొర్ర పండించినవాడికి గిట్టిందా లేదా అన్న ప్రశ్న అసలే లేదు.

పాత జ్ఞాపకాన్ని కాపాడుతున్నారు కదా, పదిమందికి ఉపాధి దొరుకుతున్నది కదా అని కొందరు మిత్రులు అంటారు. ఉపాధి మాట నిజం, దాన్ని కాదనను. జ్ఞాపకం మాట మాత్రం ఒప్పుకోను. జ్ఞాపకంలో తీపి వున్నట్టే చేదు కూడా వుంటుంది. తీపిని మాత్రమే ఏరి పెట్టింది జ్ఞాపకం కాదు, ప్రకటన.

అయితే హోటలు ఇతివృత్తమంటే తప్పనిసరిగా బూటకమేనా? అలా తేల్చేస్తే అన్యాయమవుతుంది. అంధులు వడ్డించే చీకటి హోటలును చూడండి. అక్కడ చీకటి అలంకారం కాదు. కళ్ళున్నవాడు గడప దాటగానే నిస్సహాయుడవుతాడు. అంధుడైన కార్మికుడి భుజం పట్టుకుని నడుస్తాడు, అతను చెబితే కూర్చుంటాడు, అతను ఇస్తే తింటాడు. బయట ఒకరిమీద ఒకరు ఆధారపడే వరుస లోపల తలకిందులవుతుంది. దీపాల వెలుగులోకి వచ్చాక ఆ అనుభవం ఎంతసేపు నిలుస్తుందన్నది వేరే విషయం. అక్కడ తెలియకపోవడం మనుషుల మధ్య సంబంధాన్ని మార్చింది. జైలు హోటల్లో, పల్లె హోటల్లో సంబంధం చెక్కుచెదరలేదు. వడ్డించేవాడు వడ్డించేవాడే, వేషం మాత్రం మారింది. నాకు దొరికిన కొలబద్ద ఇది: రూపం సంబంధాన్ని కదిలించిందా లేదా? సాహిత్యానికీ ఇదే కొలబద్ద.

5

బారు సంగతి క్లుప్తంగా. రంగు దీపాలు, అడవి బొమ్మలు, పేరు చెప్పని మిశ్రమ పానీయాలు ఈనాటి బారుకు ఇతివృత్తం. 1960లలో రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' రాశాడు. ఆ కథల్లో అలంకారానికి పనికివచ్చే సారా సీసా ఒక్కటీ లేదు. మద్యనిషేధ చట్టం, దాన్ని అమలుచేసే పోలీసు, దానిమీద బతికే కోర్టు, దానికింద నలిగే బీదవాళ్ళు వున్నారు. సారా అక్కడ ఒక ద్రవం కాదు, ఒక వ్యవస్థ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు అక్షరాస్యతా వాచకంలో తమ బతుకులాంటి పాఠం చదివి సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఫలితం నిలవలేదు, కాని ఒక చిన్న పాఠం చేసిన పని మిగిలింది. ఆ పాఠం రాసినవాళ్ళకు శిల్పనైపుణ్యం ఎంతో నాకు తెలియనక్కర లేదు. చదివే ఆడవాళ్ళకు తమ యింటి గుట్టు అందులో కనిపించింది.

6

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రాయలసీమను థీమ్‌గా అమ్మడం హోటళ్ళు మొదలుపెట్టలేదు. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002) మొదలుకొని సినిమా ఆ పని చేసింది. సుమోలు, కొడవళ్ళు, తెల్లచొక్కాలు పోగుచేసి సీమ అంది. కక్షల్లో చచ్చినవాడి భార్య ఆ తర్వాత ఎలా బతికిందో, అనుచరులుగా తిరిగినవాళ్ళ పొలాలు ఎవరి పాలయ్యాయో ఆ సినిమాలకు అక్కర లేదు. దీన్ని మనం విమర్శించాం. బాగానే వుంది. మరి మన కథల సంగతేమిటి?

ఈ పదేళ్ళలో పోటీలకూ సంకలనాలకూ వచ్చే సీమ కథల్ని చదువుతుంటే నాకు ఆ హోటలు గోడ గుర్తుకు వస్తున్నది. మొదటి పేరాలో ఎండిన చెరువు. రెండో పేరాలో సంగటిముద్ద, ఊరిమిండి. సంభాషణల్లో యాస దండిగా. చివర్లో ఒక ఆత్మహత్య. అన్నీ వున్నాయి. అప్పు ఇచ్చినవాడు ఎవడు, విత్తనం అమ్మిన కంపెనీ ఏది, ధర పడిపోయింది ఎందుకు అన్నవి లేవు. పట్నంలోని పాఠకుడికి ముందే తెలిసిన సీమను మూతపెట్టి తెచ్చి, తీసి చూపిస్తున్నాం. అతను 'ఆహా, అసలైన సీమ రుచి' అంటున్నాడు. ఆ మెప్పు మనల్ని పాడుచేస్తున్నది.

పైగా ఆ చిత్రం అబద్ధం కూడా. నంద్యాల ఎడారి కాదు. కాలువకింద సోనా బియ్యం పండి దూరప్రాంతాలకు పోతుంది. కుందూ పొంగి ఊళ్ళు మునిగిన ఏళ్ళూ వున్నాయి. కాలువ పారేచోట కౌలురైతు కష్టం వేరు, మెట్టరైతు కష్టం వేరు. సంకర పత్తి విత్తనాల చేలలో 'క్రాసింగ్' పనులకు ఆడపిల్లలను పంపిన కాలంలో బడుల్లో హాజరు ఎలా పడిపోయిందో ఈ ప్రాంతపు టీచర్లకు తెలుసు. పిల్లల చిన్నచేతులు పూలకు నొప్పి తగలకుండా పనిచేస్తాయని వాళ్ళను కోరి పెట్టుకున్నారు. ఈ ఒక్క వాక్యంలో ఒక నవలకు సరిపడా ఇతివృత్తం వుంది. ఆళ్ళగడ్డ శిల్పులు రాతిని దేవుడిగా చెక్కి దేశమంతా పంపుతున్నారు. ఆ రాతిధూళి పీల్చే ఊపిరితిత్తుల కథ ఎందరు రాశారు?

మన ముందువాళ్ళు సామగ్రి పోగుచేయలేదు. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో ఏటి వర్ణన ఎంత వున్నా, అది రంగడూ గంగమ్మా ఎలా చితికిపోయారన్న కథకు లోబడే వుంటుంది. కేతు విశ్వనాథరెడ్డి కథల్లో యాస తక్కువ, ఊళ్ళో మారుతున్న సంబంధాల లెక్క ఎక్కువ. నామిని రాతల్లో యాస పుష్కలం. అయితే అది బయటివాడికి రుచి చూపించడానికి వేసిన పోపు కాదు, ఆ మనుషులు ఆలోచించే భాషే అది. బండి నారాయణస్వామి 'శప్తభూమి'లో చరిత్ర వుంది. అది గతవైభవపు ప్రదర్శనశాల కాలేదు. ఒక్కొక్కరి దారి వేరు. వీళ్ళెవరి రచననైనా హోటలు గోడకు వేలాడదీయడం కష్టం, ఎందుకంటే అందులోంచి ఘర్షణను వేరుచేసి తీయడం సాధ్యం కాదు.

సాహిత్యంలో కూడా ఆశ్చర్యం వుంటుంది కదా అని విద్యార్థులు అడగవచ్చు. వుంటుంది, వుండాలి. కథ చివర పాఠకుడు ఉలిక్కిపడవచ్చు. కాని ఆ ఉలికిపాటు కథలో మొదటినుంచీ వున్న కారణాల నుంచి రావాలి. వెనక్కి తిరిగి చూస్తే, ఇది ఇలాగే జరగక తప్పదు, నేను చూడలేకపోయాను అనిపించాలి. రచయిత మూతకింద దాచి తెచ్చిన ఆశ్చర్యం ఒక పూట సరుకు. రెండోసారి చదివితే చల్లారిన పులుసు.

కొత్తగా రాస్తున్న మిత్రులు ఒక వస్తువును కథలో పెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని నా సూచన. ఇది ఎవరి చేతిలో పనిచేసింది? ఆ చేతిలోంచి ఎలా పోయింది? పోవడం వల్ల ఎవరికి లాభం కలిగింది? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే గొర్రు గురించి రాయండి, సంగటి గురించి రాయండి, బారు గురించి కూడా రాయండి. జవాబు తెలియకపోతే ఇంకొన్నాళ్ళు తిరగండి, అడగండి. అందరూ పోయినాక స్టోరు బియ్యపు అన్నం తినే ఆ తలపాగా కుర్రవాడిది ఏ వూరు, అతని తండ్రి ఏ చేను కౌలుకు చేశాడు, ఏ సంవత్సరం వదిలేశాడు? రహదారి పక్కన అలాంటివాళ్ళు ఎందరో పనిచేస్తున్నారు. వాళ్ళ కథ హోటలు చెప్పదు. వాళ్ళకు చెప్పకూడదన్న షరతు వుంది. రాసేవాడికి ఆ షరతు లేదు.